చూసొచ్చినవాడు

మొన్న నిజామాబాద్ నుంచి బోధన్ వస్తుంటే బస్సులో నా ముందు సీటు యువకుడి చేతికి రంగు పట్టీ ఒకటి కనిపించింది. పాటల కచేరీలకు పోతే గేటు దగ్గర కడతారే, అలాంటిది. అతనెవరో నాకు తెలియదు, నాకే అపకారమూ చెయ్యలేదు. అయినా ఎడపల్లి దాటేదాకా ఆ చేతివంక చూసి పళ్ళు నూరుతూనే ఉన్నాను. మా వీధి మనిషి ఒకడు గుర్తుకొచ్చాడు.

పేరు రాయను. మర్యాద కోసం కాదు. పేరు రాస్తే ఈ పేజీని ఫోటో తీసి, కింద ఒక నవ్వు బొమ్మ తగిలించి స్టేటస్ పెట్టుకుంటాడు. లోపల ఉన్నవి తిట్లని కూడా గమనించడు. అచ్చులో కనిపిస్తే చాలు వాడికి.

నేను బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. వాడు నా దగ్గరే చదివాడు. చదివినన్నాళ్ళూ డ్రిల్లు పీరియడ్ రాగానే వాడికి కడుపునొప్పి వచ్చేది, గంట కొట్టగానే పోయేది. వాలీబాల్ దొర్లుకుంటూ వచ్చి కాలికి తగిలితే తేలుపిల్ల తగిలినట్టు ఎగిరి పక్కకు దూకేవాడు. అలాంటి మహానుభావుడు పెద్దయ్యాక ఆటల కోసం దేశాలు తిరిగాడు. ఆడటానికి కాదు, చూడటానికి. నిజం చెప్పాలంటే చూడటానికి కూడా కాదు.

హైదరాబాదులో ఏదో కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. వారమంతా మా ఎదురింటి మేడ మీద, చెవులకు ఏవో తగిలించుకుని గదిలో కూర్చునేవాడు. శుక్రవారం ఎండ తగ్గగానే శంషాబాదుకు కారెక్కేవాడు. తెల్లారేసరికి బ్యాంకాకో, సింగపూరో, కొలంబోనో. సోమవారం పొద్దున మళ్ళీ మా సందులో చక్రాల పెట్టె చప్పుడు. ప్రతి వారం కాదు గానీ, నెలలో రెండుసార్లకు తక్కువ లేదు. "వారమంతా కష్టపడ్తం గద సార్, రెండు రోజులన్న బతకాలె" అనేవాడు. ఆ కష్టం ఏపాటిదో వాళ్ళమ్మను అడగాలి. టీ, టిఫిను, భోజనం మూడుపూటలా మేడమెట్లెక్కి మోసింది ఆవిడే.

ఎడమచేతికి మణికట్టు నుంచి పైకి వరసగా పట్టీలుండేవి. ఎక్కడికి పోయినా కట్టినవాటిని తీసేవాడు కాదు. స్నానానికి నాని, చెమటకు మాసి, అంచులు పీచులు లేచి, దగ్గరికొస్తే ఒక రకమైన వాసన. మా వీధి చివర ఉండే సాయవ్వ వాటిని మొక్కు దారాలనుకుంది. మా దిక్కున దర్గాకు పోయినా, పీర్ల పండుగకైనా, ఎవరికైనా బాగాలేకపోతే దారం కట్టుకోవడం అలవాటు. ఆ ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకుని, "ఇన్ని మొక్కులు మొక్కినవు, గంత కష్టం ఏమొచ్చింది బిడ్డా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాదవ్వా అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. వాడు ఫోను తీసి, ఆమె చేతుల్లో తన చెయ్యి ఉండగా ఫోటో తీసుకున్నాడు.

సోమవారం సాయంత్రం టీ హోటల్లో దర్బారు. ఫోను బల్లమీద నిలబెట్టి వీడియోలు చూపించేవాడు. నేను ఆటలంటే ప్రాణం పెట్టేవాణ్ణి కాబట్టి మొదట్లో ఆశగా వంగి చూశాను. కొలంబోలో క్రికెట్టు. తెర నిండా వీడి మొహమే. వెనకాల ఎక్కడో పచ్చగా గడ్డి, అందులో చీమల్లా మనుషులు. వీడు నాలుక బయటపెట్టి రెండు వేళ్ళు చూపిస్తున్నాడు.

"ఎవరు గెలిచిండ్రురా?" అని అడిగాను.

"మనోళ్ళే అనుకుంట సార్. లాస్ట్‌ల ట్రాఫిక్ ఉంటదని ముందే బయటికొచ్చినం."

సముద్రం దాటి పోయినవాడు ఆఖరి ఓవరు చూడకుండా లేచి వచ్చాడు. ఆ రోజు నా టీ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు.

కచేరీలదీ అంతే. పాడేవాడికి వీపు చూపించి నిలబడి, ఆ పాట తనే పాడుతున్నట్టు నోరు తెరిచి మూసేవాడు. ఏ భాష పాటరా అంటే, "భాషతోని ఏం పని సార్, అనుభవం ముఖ్యం" అనేవాడు. ఈ అనుభవం అనే మాట వాడి నోట్లో ఎప్పుడూ నానుతుండేది. అదే మనిషి మా వీధిలో పెళ్ళి డప్పు మోగితే కిటికీలు దఢాలున మూసి, తలనొప్పని వాళ్ళమ్మను కిందికి తోలేవాడు, ఆపించమని.

వింతలు చూసే పిచ్చి ఒకటి. ఏ ఊళ్ళో ఏ గోపురం ఎంత ఎత్తో చెప్పేవాడు. ప్రతిసారీ డిచ్‌పల్లి మీదుగానే పోతాడు కదా అని ఒకసారి అక్కడి గుట్టమీది రామాలయం సంగతెత్తాను, రాతి మీద ఆ చెక్కడం చూడాలి అన్నాను. "ఔనా సార్! ఎక్కడుంది?" అన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మాట వీడి కోసమే పుట్టింది. పోనీ అని కందకుర్తికి నేనే తీసుకుపోయాను. గోదావరిలో మంజీర కలిసే చోట, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక కుటుంబం తమవాళ్ళ అస్థికలు కలుపుతోంది. వీడు చుట్టూ ఒకసారి చూసి, "ఇక్కడ యాక్టివిటీస్ ఏం లేవా సార్?" అన్నాడు. నేను స్కూటర్ తిప్పాను.

అంతవరకూ వాడు నాకొక నవ్వులాట. ఇంటికొచ్చి నా భార్యకు వాడి గొంతు అనుకరించి చూపేవాణ్ణి, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు గంగామణి సంగతితో పోయింది.

గంగామణి మా ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటుంది. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త సాయిలు. ఆయన తండ్రి ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ. ఫ్యాక్టరీ మూతబడ్డాక కొడుకు సెంట్రింగ్ పని నేర్చుకుని అబుదాబి పోయాడు. ముసఫ్ఫా అని అక్కడ కూలీల క్యాంపులుండే చోటు, అందులో ఉంటాడు. పని నుంచి వచ్చి, వంట చేసుకుని, రోజూ ఫోను చేసేవాడు. మాట్లాడేది ఏమీ ఉండేది కాదు. ఆమె మిషను తొక్కుతూ ఉండేది, ఆయన అక్కడ రొట్టె తింటూ ఉండేవాడు. అలా ఒకరినొకరు చూసుకునేవాళ్ళు.

ఒకసారి ఆ ఫోను రావడం ఆగిపోయింది. ఈమె చేస్తే స్విచ్చాఫ్. కంపెనీ నంబరు ఎవరూ ఎత్తరు. ఆమె తమ్ముడు షార్జాలో ఉన్నాడు, వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం దాకా తనకు వీలుకాదనీ, ఆ రోజు ఎలాగైనా సెలవు పెట్టి పోయి చూస్తాననీ చెప్పాడు. ఈలోపు శుక్రవారమే మా మహానుభావుడు అబుదాబి పోతున్నాడని తెలిసింది. కార్ల పందెమట, పందెం అయ్యాక పాటల కచేరీ అట.

ఇక్కడ మా దిక్కు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. గల్ఫ్ పోయేవాడి సంచిలో సగం వాడిది కాదు, ఊరిది. ఎవరు పోతున్నారని తెలిసినా తొక్కు డబ్బాలు, సకినాల పొట్లాలు, షుగరు గోలీలు వచ్చి పడతాయి. కిరాణా కొట్టు నుంచి తూకం తెచ్చి, తన బట్టలు తీసేసి మరీ అవి సర్దుకుంటారు. దాని వెనక ఇంకో పద్ధతి ఉంది. అక్కడ ఎవరినైనా చూసి వచ్చినవాడు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్న వెంటనే, ఆ మనిషి ఇంటికి పోయి కూర్చుని కబురు చెప్పాలి. సన్నబడ్డాడా, దొడ్డుగా అయ్యాడా, గడ్డం గీసుకున్నాడా, ఏం అంగీ తొడుక్కున్నాడు, ఏమన్నాడు. ఆడవాళ్ళు అడుగుతూనే ఉంటారు, వచ్చినవాడు ఓపిగ్గా చెబుతూనే ఉండాలి. తాగుబోతులు, అబద్ధాలకోరులు మా దగ్గరా ఉన్నారు. కానీ ఆ కబురు దగ్గర అబద్ధం ఆడొచ్చని మావాళ్ళలో ఎవరికీ ఎన్నడూ తోచలేదు. నాకూ తోచలేదు.

గంగామణి సకినాల డబ్బా పట్టుకుని వాడి గేటు దగ్గరికి పోయినప్పుడు నేను మా అరుగుమీదే ఉన్నాను.

"తమ్మీ, నువ్వు గా దిక్కే పోతున్నవట గద. మా ఆయనకు ఫోన్ కలుస్తలేదు. జెర్ర పోయి సూసి రా."

"అక్కా, నాది చిన్న బ్యాగ్. షెడ్యూల్ కూడా ఫుల్ టైట్..."

"డబ్బ ఇయ్యకున్నా మంచిదే. మనిషిని సూడు. ఉన్నడా, లేడా, గంతే."

వాడు నా వైపు చూశాడు. నేను కూడా చూస్తున్నానని తెలిశాక నవ్వు తెచ్చుకుని, "పక్కా అక్కా, నేను చూస్త" అని డబ్బా తీసుకున్నాడు.

శని, ఆదివారాలు వాడి స్టేటస్‌లో ఫోటోలు వచ్చాయి. కార్లు, టోపీ, తెల్లపాలరాతి మసీదు, ఒంటె పక్కన వీడు, వేదిక ముందు వీడు. గంగామణి ప్రతి ఫోటోనూ నా భార్య ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి, వెనకాల నిలబడ్డవాళ్ళ మొహాలు వెతికింది. సాయిలు పందేనికి ఎందుకొస్తాడమ్మా అంటే, "ఏమో సార్, తమ్మి తోల్కపోయిండేమో" అంది.

సోమవారం వాడు వచ్చాడు గానీ ఆమె గడప తొక్కలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఇక ఆగలేక ఆమే బయల్దేరింది. తోడు రమ్మంటే నేనూ పోయాను. వాడు మేడమీద కంప్యూటరు ముందున్నాడు. ఒక చెవిది తీసి చేతిలో పట్టుకున్నాడు, రెండోది అలాగే ఉంది.

"సూసినవా తమ్మీ?"

వాడు తెరవంక ఒకసారి చూశాడు. తర్వాత ఎంత తేలిగ్గా చెప్పాడంటే, ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

"చూసిన అక్కా. మంచిగున్నడు."

"సన్నగైండా?"

"లేదు లేదు, జర లావే అయిండు."

"మరి ఫోన్?"

"కింద పడి పగిలిందట. కొత్తది కొంటా అన్నడు."

"సకినాలు ఇచ్చినవా?"

"ఇచ్చిన. మస్తు ఖుష్ అయిండు."

"నవ్విండా?"

"నవ్విండు అక్కా."

గంగామణి అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది. వాడు చెవిది మళ్ళీ పెట్టేసుకున్నాడు. సాయంత్రం ఆమె తమ్ముడికి ఫోను చేసి, "నువ్వు లీవ్ పెట్టకురా, సూసి వచ్చిండ్రు, మంచిగనే ఉన్నడట" అని చెప్పింది. అప్పు చేసి కోడి తెచ్చి, కూర వండి, జొన్నరొట్టెలతో గిన్నె పట్టుకుపోయి వాడికిచ్చింది. వాడు తిన్నాడు. గిన్నె కడగకుండా తిరిగి పంపాడు.

తర్వాత కూడా సాయిలు ఫోను రాలేదు. "కొత్తది అగ్గువకు దొరికేదాక ఆగుతడు సార్, పిసినారి" అని ఆమే సర్ది చెప్పుకునేది. నేను కూడా తలాడించేవాణ్ణి. చూసి వచ్చినవాడు ఉండగా అనుమానం ఎందుకొస్తుంది?

ఒక మధ్యాహ్నం ఎవరో నర్సు హిందీలో ఫోను చేసింది. ఆసుపత్రి నుంచట. తెలివి తప్పిన మనిషికి ఇప్పుడిప్పుడే మాట వస్తోంది, ఈ నంబరు చెప్పాడు, మీరెవరు అని. మా వాడు పందేనికి విమానం ఎక్కకముందే సాయిలు పడిపోయాడు. రీచార్జి కోసం రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. జేబులో గుర్తింపు కార్డు లేదు, ఫోను నుజ్జయింది. ఎవరో తెలియని రోగిగా ఆసుపత్రిలో ఉన్నాడు, క్యాంపులోనేమో పారిపోయాడని అనుకున్నారు. ఎవరు ఆ క్యాంపు గేటు దగ్గరికి పోయి సాయిలు ఏడీ అని అడిగినా, మనిషి కనబడటం లేదన్న సంగతి ఆ నిమిషంలోనే తెలిసేది. తమ్ముడు పోయుంటే ఆ సాయంత్రమే ఆసుపత్రులు వెతికేవాడు. తమ్ముణ్ణి ఆపింది ఒక్క "నవ్విండు అక్కా".

తమ్ముడు ఆసుపత్రికి పోయి చూసి ఫోనులో ఏడ్చాడు. తొడ ఎముక వంకరగా అతుక్కుంది, సొంతవాళ్ళు ముందే వచ్చి ఉంటే ఆపరేషను మాట అప్పుడే తేలేదని అక్కడ చెప్పారట. సెంట్రింగ్ పనివాడికి కాలే బతుకు. ఆ కాలితో ఇక పైకెక్కలేడు.

నేను తిన్నగా మేడ ఎక్కాను. "క్యాంపుకు పోయినవా, పోలేదా?" అన్నాను.

"సార్, అది మా హోటల్‌కు మస్తు దూరం. ప్రోగ్రాం కూడా లేటైంది. అక్క టెన్షన్‌ల ఉంటే కొంచెం పాజిటివ్‌గా చెప్దామని..."

"డబ్బా?"

"పాడైతయని మేమే తిన్నం సార్." ఇక్కడితో ఆగినా బాగుండేది. "సకినాలు మాత్రం సూపరున్నయి."

వాడి మొహంలో భయం కోసం వెతికాను, సిగ్గు కోసం వెతికాను. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న తప్పినవాడి మొహం అది. దుర్మార్గుడైతే కొట్టి ఉండేవాణ్ణి. వాడికి దుర్మార్గం చేసేంత శ్రద్ధ కూడా లేదు. నాకు అసహ్యం వేసింది, మెట్లు దిగి వచ్చేశాను.

కొన్నాళ్ళకు సాయిలు చంకల కింద కర్రలతో వచ్చాడు. పద్ధతి ప్రకారం వీధి వీధంతా చూడటానికి వచ్చింది. వీడూ వచ్చాడు, ఆపిల్ పళ్ళు పట్టుకుని. వాడి ధైర్యానికి నేను ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే అది ధైర్యం కాదు. మంచం అంచున కూర్చుని, "ఎట్లున్నవన్నా? టేక్ కేర్" అన్నాడు. సాయిలు వీణ్ణి ఎరగడు. మర్యాదగా లేవబోయాడు. గంగామణి మిషను ఆపింది.

"తమ్మీ, నువ్వు పోలేదని నాకు కోపం లేదు. నీ పని నీకుంటది. పోలేదక్కా అని ఒక్క మాట అంటే అయిపోతుండె. నా తమ్ముణ్ణి పంపిస్తుంటి."

వాడు "సారీ అక్కా, నేను అంత లోతుగ ఆలోచించలే" అన్నాడు. అప్పుడే జేబులో ఫోను మోగితే, ఒక్క నిమిషం అని వేలు చూపించి బయటికి పోయాడు. మళ్ళీ లోపలికి రాలేదు. ఆమె ఏడవలేదు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

వీధిలో పంచాయితీ ఏమీ పెట్టలేదు. ఎవరూ వాణ్ణి తిట్టలేదు, వాళ్ళ నాయన నడిపే ఎరువుల దుకాణానికి పోవడమూ ఎవరూ మానలేదు. ఎప్పటిలా పలకరించారు కూడా. ఇంకొన్నాళ్ళకు వాడు మళ్ళీ దుబాయ్ ప్రయాణం కట్టాడు, ఈసారి టెన్నిసట. సాయవ్వ మనవడు దుబాయ్‌లోనే పనిచేస్తాడు. ఆమె మామిడికాయ తొక్కు పెట్టి, మూతకు గుడ్డ బిగించి, డబ్బా తెచ్చి మా అరుగుమీద పెట్టింది. మోర్తాడ్ ఊరి పిల్లవాడొకడు వచ్చే నెల కూలికి పోతున్నాడట, అతనొచ్చి తీసుకుపోతాడంది. నెల ఆగితే తొక్కు ఇంకా ఊరుతుంది, మంచిదే అంది.

శుక్రవారం కారొచ్చింది. వాడు చిన్న పెట్టె దొర్లించుకుంటూ వచ్చి, నన్ను చూసి మా అరుగు దగ్గర ఆగాడు. తొక్కు డబ్బా వాడి మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. మొహం వెలిగిపోతోంది.

"సార్, ఈసారి ఒక్కలన్న ఒక్క డబ్బ తేలేదు తెలుసా! మనోళ్ళకు ఇప్పటికి తెలివి వచ్చింది. హాయిగ పోతున్న."

కారెక్కి, అద్దం దించి, మలుపు తిరిగేదాకా నాకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.